పందేనికీ రాళ్లకీ ఒకే బండి

రిమోటు కార్లు అమ్మి బతికానని చెబితే ఇప్పటికీ చాలామంది నవ్వుతారు. అది ఉద్యోగమా, ఆటా అని అడుగుతారు. నాకూ సరిగ్గా తెలియదు. నేను పని మానేశాక నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి, "పనేమిటో కొంచెం రాసి పెట్టండి మేడమ్" అంది. అందుకని రాస్తున్నాను. చదివాక ఆమెకు స్పష్టత వస్తుందన్న నమ్మకం మాత్రం లేదు. రాస్తుంటే ఉన్న స్పష్టత కూడా పోతోంది.

నాది ధర్మవరం. ఐటీఐలో రేడియో, టీవీ మెకానిక్ కోర్సు చదివాను. హిందూపురంలో ఒక టీవీ రిపేరు అంగట్లో పనికి కుదిరాను. పొద్దున పాసింజరులో పోయి సాయంత్రం తిరిగొచ్చేదాన్ని. కొన్నేళ్లకు జనం టీవీలు బాగు చేయించుకోవడం మానేశారు. పాడైతే కొత్తది కొనుక్కోవడం నేర్చారు. మా ఓనరు నాగరాజు ఒకసారి బెంగళూరు వెళ్లొచ్చి, నా బల్ల మీద పెద్ద చక్రాల రిమోటు కారొకటి పెట్టాడు.

"సరోజమ్మా, ఇంక మనం అమ్మేది ఇదే."

"టీవీకీ దీనికీ ఏం సంబంధం సార్?"

"దీంట్లో కూడా మోటరు, వైర్లే గదా."

నాకు దొరికిన శిక్షణ అంతే.

అందరూ అడిగేది

మా అంగటికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే. "పందెంలోనూ తోలల్ల, ఇంటికాడ రాళ్లలో, గుట్టల్లోనూ తోలల్ల. ఒకే బండి ఇయ్యి."

వినడానికి సులువుగా ఉంటుంది. జవాబు చెప్పడమే కష్టం. పందెం బండి నేలను తాకుతుందా అన్నంత కిందికి ఉండాలి. తేలికగా ఉండాలి. మలుపు తిరిగేటప్పుడు పక్కకు ఒరగకూడదు కాబట్టి స్ప్రింగులు గట్టివి వేస్తాం. అలాంటి బండిని రాళ్ల మీదకు వదిలితే, ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ప్లాస్టిక్ చెయ్యి మొదటి దెబ్బకే విరుగుతుంది. రాళ్ల బండి వేరు. దాని కడుపు నేలకు ఎత్తుగా ఉండాలి, చక్రాలు పెద్దవి కావాలి, స్ప్రింగులు మెత్తగా ఉండాలి. అది ఎన్నిసార్లు పడినా లేస్తుంది గానీ, పందెంలో మలుపు తిరగబోయి దొర్లుతుంది. ఒకదానికి గుణమైనది రెండోదానికి దోషం.

ఈ రెండింటికీ మధ్యలో షార్ట్ కోర్స్ ట్రక్ అని ఒక రకం ఉంది. వెడల్పాటి ఒళ్లు, చక్రాలకు అడ్డంగా బంపర్లు. రెండు పనులూ చేస్తుంది. రెండూ బాగా చేస్తుందని నేను ఒట్టు పెట్టి చెప్పలేను.

మా ఓనరుకు ఈ బాధ ఉండేది కాదు. ఎవరేమి అడిగినా, చెయ్యి ఏ బండి మీద ఉంటే ఆ బండి చూపించి "చేస్తాది సార్" అనేవాడు. "లేదు, కాదు అనే మాట అంగట్లో అంటే గిరాకీ మెట్లు దిగిపోతాదమ్మా" అని నాకు బుద్ధి చెప్పేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆడమనిషినని నన్ను వెనక గదిలోకి తోయలేదు, జీతం ఎప్పుడూ ఆపలేదు. కానీ ఆయన "చేస్తాది" అన్న బండ్లన్నీ కొన్నాళ్లకు విరిగి నా బల్ల మీదకే వచ్చేవి. కొన్నవాళ్లు ఆయన్ను ఏమీ అనేవాళ్లు కాదు. తిట్లన్నీ నాకు. ఎందుకంటే స్క్రూడ్రైవరు నా చేతిలో ఉండేది.

గెలిచి పడిపోయే వాహనం

పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక, ఆ రోడ్డు పొడవునా కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. ఆ వైపు నుంచి ఒక కొరియా ఇంజనీరు ఒక ఆదివారం మా దగ్గరకు వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. మాకు ఆయన భాష రాదు. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు ముక్కలు ఒకదానికొకటి అతకలేదు. చివరికి ఆయన ఫోనులో ఏదో మాట్లాడి మా వైపు తిప్పాడు. ఫోను చక్కటి తెలుగులో, "నాకు గెలిచి పడిపోయే వాహనం కావాలి" అంది.

ఓనరూ నేనూ ముఖాలు చూసుకున్నాం. పడిపోయేదంటే రాళ్ల బండే అయి ఉంటుందని పెద్ద చక్రాలది ఇచ్చాం. మరుసటి ఆదివారం ఆయన నవ్వుతూ దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. నడుము వంచి నమస్కారం చేశాడు. అయితే గెలిచేదే అడిగాడేమో అనుకుని బగ్గీ అనే పందెం బండి ఇచ్చాను. ఆ తర్వాతి ఆదివారం ముందు చెయ్యి విరిగిన బగ్గీతో వచ్చాడు. మళ్లీ అదే నవ్వు, అదే నమస్కారం. ఆయనకు మా మీద కోపం వచ్చిందో, ఇదంతా సరదాగా ఉందో ఈనాటికీ తేల్చుకోలేను.

ఈసారి ఫోనులో ఒక వీడియో చూపించాడు. వాళ్ల క్వార్టర్స్ ముందు నున్నటి సిమెంటు రోడ్డు, రోడ్డు చివర మెట్లు. స్నేహితులతో ఆ రోడ్డు మీద పందెం వేస్తున్నాడు. గెలిచిన ఊపులో బండిని మెట్ల మీద నుంచి దూకిస్తున్నాడు. ఫోను చెప్పింది అక్షరాలా నిజమే. మాకే అర్థం కాలేదు.

ఆ రోజు నుంచి "ఏం బండి కావాలి?" అని అడగడం మానేశాను. "ఆదివారం మీరు ఏ నేల మీద నిలబడతారు?" అని అడిగేదాన్ని. ఎర్రమట్టా, సిమెంటా, బండలా, ఇసుకా? నేల తెలిస్తే టైరు తెలుస్తుంది, టైరు తెలిస్తే సగం బండి తెలుస్తుంది. ఓనరు ముందు ఎగతాళి చేసి, తర్వాత తానూ అదే అడగడం మొదలుపెట్టాడు. ఈ పనిలో నాకు దొరికిన ఒకే ఒక గట్టి సూత్రం ఇదనుకున్నాను. సిద్దప్ప వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

ఆటో దిగని మనిషి

సిద్దప్పది రొద్దం. లారీ డ్రైవరు. వేరుశనక్కాయలు, ఇటుకలు, గొర్రెలు, ఏది ఎక్కిస్తే అది తోలుకుపోయిన మనిషి. షుగరు వల్ల ఎడమ పాదం తీసేశారు. పెట్టుడు కాలు చేయించుకున్నాడు గానీ, దాన్ని తొడుక్కుని ఇంటి గడప దాటేవాడు కాదు. ఆయన కూతురు మంజుల హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మొదట చూసింది మాత్రం, అంగడి ముందు ఆగిన ఆటోలో దిగకుండా కూర్చున్న ఒక పెద్దమనిషినీ, మెట్లెక్కి వచ్చిన ఒక అమ్మాయినీ.

"అక్కా, ఇంటికాడ తోలుకునేదానికి రిమోటు బండి కావల్ల. మా ఇంటెనక అంతా బండలు, గొర్రెల దొడ్డి. పడినా పగలకూడదు" అంది మంజుల.

పెద్ద చక్రాల బండి తీసి చూపించాను. ఆటోలో నుంచి కేక వినబడింది.

"అది వద్దు పాపా! పందెంది అడుగు!"

"తోలేది ఎవరమ్మా?" అని అడిగాను.

"మా నాయన."

"మరి ఆయన పందెం బండి అంటున్నాడే?"

"అంటాడక్కా. పెనుకొండలో పందేలు పెడతాండారని ఫోన్లో చూసినాడు. కానీ ఇల్లు దాటి పోడు. ఈ పొద్దు కూడా ఆటో దిగనని ఒట్టు పెట్టుకొనే వచ్చినాడు."

నాకు ఎటూ పాలుపోలేదు. ఇల్లు కదలని మనిషికి పందెం బండి కావాలి. ఆయన్ను ఎలాగైనా బయటికి రప్పించాలని చూసే కూతురేమో ఇంటి వెనక తోలుకునే బండి అడుగుతోంది. బండి పట్టుకుని ఆటో దగ్గరకు నేనే వెళ్లాను. అలవాటైన ప్రశ్న నోటికి వచ్చేసింది.

"అన్నా, ఆదివారం మీరు ఏ నేల మీద నిలబడతారు?"

ఆయన నా ముఖంలోకి చూసి, పంచె కొంచెం పక్కకు జరిపాడు. ఎడమ పాదం లేదు.

"నిలబడేది యాడమ్మా?" అన్నాడు.

అంతమందిని అడిగిన ప్రశ్న ఒక మనిషికి గుచ్చుకోగలదని నాకు తోచనే లేదు. నా అవస్థ చూసి ఆయనే మాట కలిపాడు.

"పోనీలేమ్మా, నీకేం తెల్సు. చూడు, నేను తోలితే పందెమే తోలల్ల. ఇంటెనక రాళ్ల మీద ఎగరేసుకునేదానికి నేనేమన్నా పసిపిల్లోడ్నా?"

"పందెమంటే ఆడికి పోవల్ల గదా నాయనా" అంది మంజుల.

"పోయేది లేదు."

"మరి?"

"మరీ లేదు, గిరీ లేదు. పందెందే."

ఇంతలో ఓనరు నిప్పు మంటల రంగులేసిన రెడీమేడ్ బండి ఒకటి పట్టుకొచ్చాడు. "ఇది తీసుకోండి సార్, రెండూ చేస్తాది" అన్నాడు. నేను అడ్డుపడి, కిట్ తీసుకోమన్నాను.

కిట్ అంటే పెట్టెలో అన్నీ విడి భాగాలే వస్తాయి. కొన్నవాళ్లే బిగించుకోవాలి. రెండు పనులకూ ఒకే బండి కావాలనేవాళ్లకు అదే మేలని నా అభిప్రాయం, ఇప్పటికీ. బిగించిన చేతికి విప్పడమూ వస్తుంది. పందేనికి పోయేటప్పుడు బండిని కిందికి దించి, సన్న గుబ్బల టైర్లు వేసుకోవచ్చు. ఇంటికొచ్చాక పైకెత్తి, మొరటు టైర్లు వేసుకోవచ్చు. విరిగే భాగాలు బెంగళూరులో దొరుకుతాయా లేదా అన్నది మాత్రం ముందే కనుక్కోవాలి. దొరక్కపోతే ఎంత గొప్ప బండి అయినా అటకెక్కుతుంది. ఇవన్నీ సిద్దప్పకు చెప్పాను. ఆయన చెవికెక్కింది ఒక్కటే.

"విప్పి బిగించేది ఉంటాదా?"

"అంతా అదేనన్నా."

షార్ట్ కోర్స్ ట్రక్ కిట్ తీసుకుని వెళ్లిపోయారు. ఓనరు ఆ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. నేను మంచి మాటే చెప్పానా, ఏదీ తేల్చలేక మధ్యరకం బండి అంటగట్టానా అని రైల్లో ధర్మవరం దాకా ఆలోచించాను. స్టేషను వచ్చింది గానీ జవాబు రాలేదు.

వచ్చేది, పోయేది

కొన్ని వారాలకు మంజుల డ్యూటీ దిగి అంగటికి వచ్చింది.

"అక్కా, మా నాయన తోలితే బండి వచ్చేటప్పుడు బాగా వస్తాండాది. పోయేటప్పుడు తిక్కతిక్కగా పోతాండాది."

అలాంటి జబ్బు నేనెప్పుడూ వినలేదు. వైరు వదులైతే రెండు వైపులా వదులే. స్టీరింగు తిప్పే చిన్న మోటరు పాడైతే రెండు వైపులా పాడే. సెలవు రోజు చూసి పెనుకొండలో బస్సు మారి రొద్దం వెళ్లాను.

ఇంటి వెనక బండలు, వాటి పక్కన కంపచెట్ల కంచె వేసిన గొర్రెల దొడ్డి. సిద్దప్ప మంచం మీద కూర్చుని ఉన్నాడు. బండిని ముచ్చటగా బిగించాడు, ఒక్క స్క్రూ వంకర లేదు. రిమోటుకు పక్కన చిన్న స్టీరింగు చక్రం ఉంటుంది. దాన్ని ఆయన రెండు వేళ్లతో పట్టుకుని బండిని దొడ్డి నుంచి మంచం దాకా తెచ్చాడు. చక్కగా వచ్చింది. వెనక్కి పంపితే, ఎడమకు పోవాల్సింది కుడికి పోయి బండకు కొట్టుకుంది.

రిమోటు చేతిలోకి తీసుకోగానే సంగతి తెలిసింది. స్టీరింగు దిశను తిరగేసే చిన్న స్విచ్చు ఒకటి ఉంటుంది. అది తప్పు వైపుకు ఉంది. కుడికి తిప్పితే చక్రాలు ఎడమకు తిరుగుతున్నాయి. బండి ఎదురుగా వచ్చేటప్పుడు దాని ఎడమ మనకు కుడి కాబట్టి, వచ్చేటప్పుడు మాత్రం ఆయనకు సరిగ్గా ఉంది. నాకు సంతోషం వేసింది. స్విచ్చు మార్చి, "ఇంతేనన్నా. ఇప్పుడు తోలండి" అన్నాను.

బండి మంచం దగ్గర నుంచి దొడ్డి దాకా చెప్పినట్టు పోయింది. తిరిగి వస్తూ సీదా కంచెలోకి దూరింది. గొర్రెలు బెదిరి ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"ఇప్పుడు పోయేది బాగుండాది. వచ్చేది చెడింది" అన్నాడు సిద్దప్ప.

"అందరికీ అంతేనన్నా. బండి మన వైపు తిరిగితే దాని కుడి మనకు ఎడమ. అలవాటు చేసుకోవాలి."

"ఇన్నేండ్లు లారీ తోలినానమ్మా. కుడికి తిప్పితే కుడికే పోయినాది. ఎదురుగా వచ్చే బండిని తప్పించుకునేది తెల్సు నాకు. ఆ బండిని కూడా నేనే తోలల్లంటే ఎట్ల?"

స్విచ్చు మళ్లీ మార్చమన్నాడు. మార్చాను. మళ్లీ వచ్చేది బాగుపడింది, పోయేది చెడింది. ఇంకోసారి మార్చమన్నాడు. అటూ ఇటూ తిప్పీ తిప్పీ ఏది సరైన వైపో నాకే మరుపొచ్చింది. ఎలా తోలాలో చూపిస్తానని రిమోటు తీసుకుని నేనే బండకు గుద్దాను.

సిద్దప్ప రిమోటును మంచం మీద పెట్టేశాడు.

"నాకు స్టీరింగు రాదు పాపా" అన్నాడు.

ఆ మాట ఆయన కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అన్నాడు. మంజులకు ఏం చేయాలో తోచక రిమోటు తీసుకుంది. బండిని దొడ్డి దాకా పంపింది, వెనక్కి తెచ్చింది. ఎక్కడా తడబడలేదు.

"నువ్వెట్ల తోల్తాండావు?" అన్నాడు తండ్రి.

"నాకు నిజం బండి తోలేది రాదు గదా నాయనా. దానికే నాకు తికమక లేదు."

ఓదార్పుగానే అంది. ఆయన మాత్రం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇంకా ఉండాలో, వెళ్లిపోవాలో తెలియక కాసేపు నిలబడి, బస్సుకు వచ్చేశాను.

ఓనరుతో చెబితే, "ఇంకో బండి అమ్మి ఉండల్ల నువ్వు. ఒకటి నాయనకు, ఒకటి కూతురికి" అన్నాడు. ఆయన మాట ఎప్పుడూ అమ్మకం కోసమే అనుకునే నేను, ఆ రోజు కాదనలేకపోయాను. ఇద్దరు మనుషుల రెండు కోరికలను ఒక బండిలో కుక్కడం తెలివనుకున్నాను. ఏమో. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లు ఓనరు మాటను నా అంత తేలిగ్గా తీసేయకండి.

పెనుకొండ ఎర్రమట్టి

బండి అటకెక్కిందనే అనుకున్నాను. కానీ మంజుల విరిగిన ముందు చక్రాల చేతుల కోసం మళ్లీ మళ్లీ రావడం మొదలైంది. రోజూ సాయంత్రం ఇంటి వెనక ఆమె తోలుతోంది, విరగ్గొడుతోంది. సిద్దప్ప మంచం మీదే కూర్చుని విప్పి బిగిస్తున్నాడు. పని కంటే కేకలు ఎక్కువట.

"మలుపు రాకముందే బ్రేకు కొట్టల్ల, మలుపులో కాదు అంటాడక్కా. అయితే నువ్వే తోలు నాయనా అంటే రిమోటు ముట్టుకోడు" అని చెప్పింది.

పెనుకొండ కొండ కింద ఎర్రమట్టిని చదును చేసి, మలుపులకు పాత టైర్లు పేర్చి పందేలు పెట్టేవాళ్లు. హిందూపురం నుంచీ, ధర్మవరం నుంచీ పిచ్చి ఉన్నవాళ్లంతా వచ్చేవాళ్లు. రిపేరు బల్ల నాది. ఒక ఆదివారం మంజుల పేరు ఇచ్చింది. మైదానం అవతలి మూల ఒక ఆటో ఆగింది. లోపల సిద్దప్ప. పలకరించడానికి వెళ్లాను.

"సామాన్లు మోసేదానికి వచ్చినా" అన్నాడు. సామాన్లన్నీ మంజుల భుజం మీదే ఉన్నాయి.

పందెంలో తోలేవాళ్లంతా ఎత్తైన అరుగు మీద నిలబడతారు. పందెం అయ్యేదాకా దిగకూడదు. బండి బోర్లా పడితే ఎత్తి పెట్టడానికి, ముందు పందెంలో తోలినవాళ్లు ఒక్కో మలుపు దగ్గర ఒక్కొక్కరు నిలబడాలి. మంజుల ట్రక్కును సిద్దప్ప బాగా కిందికి దించి పంపాడు. అయినా బగ్గీల మధ్య అది దున్నపోతులా కనబడింది. మలుపుల్లో వెనకబడుతూ, గతుకుల్లో ముందుకు వస్తూ, ఎలాగో మధ్యలో సాగుతోంది. అవతలి మూల మలుపులో ఒక బగ్గీ దాన్ని గుద్దింది. ట్రక్కు వెల్లకిలా పడి, చక్రాలు గాలిలో తిరుగుతున్నాయి.

ఆ మలుపులో ఉండాల్సిన మనిషి టీ కొట్టు దగ్గర ఉన్నాడు.

"బండి! బండి ఎత్తండప్పా!" అని అరుగు మీద నుంచి మంజుల అరిచింది.

ఆటో ఆ మూలకే దగ్గర. సిద్దప్ప దిగాడు. ఎగుడుదిగుడు మట్టిలో ఎడమ పెట్టుడు కాలు ఈడ్చుకుంటూ ట్రాకులోకి నడిచాడు. మైకులో "లోపలికి రావద్దు, లోపలికి రావద్దు" అంటున్నారు. నేను పరుగెత్తి, సగం దూరంలో ఆగిపోయాను. ఆయన్ను ఆపాలా, పట్టుకోవాలా? రెండూ తప్పే అనిపించింది. ఆయన మాత్రం రోడ్డు దాటేవాడిలా నిలబడి, వచ్చే బగ్గీని పోనిచ్చి, మోకాలు పట్టుకుని వంగి, ట్రక్కును ఎత్తి నేల మీద పెట్టాడు.

బండి ముఖం వచ్చిన దారి వైపుకే పెట్టాడు.

మంజుల చూసుకోకుండా వేగం పెంచింది. ట్రక్కు ఎదురొచ్చే బండ్ల మీదకు పోయింది. అరుగు మీద అందరూ కేకలు.

"అట్ల కాదు నాయనా, ఇట్ల!" అని మంజుల చెయ్యి ఊపింది.

"ఎట్ల?" అని ఆయన అక్కడి నుంచి చెయ్యి ఊపాడు.

ఆమె కుడి ఆయనకు ఎడమ. ఇద్దరూ చేతులు ఊపుతూనే ఉన్నారు. మైకు మనిషి కూడా చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు, అది ఇంకో వైపుకు. చివరికి ట్రక్కు టైర్లకు తగిలి ఆగాక, సిద్దప్ప దాన్ని మళ్లీ ఎత్తి సరిగ్గా పెట్టాడు. అప్పటికి పందెం అయిపోయింది. మంజులది అందరికంటే చివరి స్థానం.

ఆమె అరుగు దిగి వచ్చింది. ఏమని సముదాయించాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. ఆమె నన్ను చూడటం లేదు.

"అక్కా, మా నాయన ఆటో దిగినాడు" అంది.

టీ కొట్టు నుంచి ఆ మనిషి పరుగున వచ్చాడు. సిద్దప్ప ఆయన్ను వెనక్కి పంపేశాడు. "నువ్వు పోయి టీ తాగప్పా. ఈడ నేనుంటా." మైకువాళ్లు గొణిగి ఊరుకున్నారు. తర్వాతి పందెం మొదలైంది. ఒక బగ్గీ పడింది, ఎత్తాడు, దారి చూసి పెట్టాడు. ఇంకోటి పడింది. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఇచ్చారు. దాన్ని టైర్ల అవతలకు జరిపి నిలబడ్డాడు.

ఆ ట్రక్కు పందెం గెలవలేదు. ఇంటి వెనక రాళ్ల మీద ఆయన దాన్ని పట్టుమని నాలుగు రోజులు తోలిందీ లేదు. ఏ పనులకని కొన్నారో వాటిలో ఏ ఒక్కదానికీ అది సరిగ్గా అమరలేదు. తప్పు బండి ఇచ్చానా అని అడిగితే అవునని అనలేను. సరైనదే ఇచ్చానని కూడా అనలేను. ఇన్నేళ్లు ఈ పని చేసి కూడా ఇంతకంటే తెలిసింది లేదు.

మధ్యాహ్నం మంజుల అన్నం గిన్నెలు విప్పి, నాయనను పిలవమంది. ఆటో డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. నేను మలుపు దాకా నడిచి వెళ్లాను.

"సిద్దప్పన్నా, రండి, అన్నం తిందురుగానీ."

ఆయన తల తిప్పలేదు. చూపు ట్రాకు మీదే ఉంది.

"మీరు తినండమ్మా. ఇంకా బండ్లు వస్తాండాయి."